ఎర్రపట్టీ కోసం

ఆ ఇంటి కోడలికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. అయినా అత్తగారి నోట పడిన నాటి నుంచీ బెంగమ్మే ఖాయమైపోయింది. కూతురు ఏడిస్తే బెంగ, ఏడవకపోతే అంతకన్నా బెంగ. ఇంట్లో కూర్చుని చొక్కాలకి కాజాలు కుట్టే పని ఆమెది. చొక్కాకి ఏడు కాజాలు. ఆ లెక్కల అలవాటు కాస్తా పిల్ల మీదికి పాకింది. నిమిషానికి ఎన్ని ఊపిర్లు, రోజుకి ఎన్నిసార్లు తడిపింది, ఏ పక్క ఎంతసేపు పాలు తాగింది, అర్ధరాత్రి లేపి అడిగినా తడుముకోకుండా చెబుతుంది.

ఏడు నెలల బుజ్జిదాన్ని చంకనేసుకుని అప్పటికి ఆరుసార్లు పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి పరిగెత్తింది. ఒకసారి వెక్కిళ్ళు ఆగలేదని. ఒకసారి విరేచనం రంగు మారిందని. ఒకసారి గోరు తీస్తుంటే వేలి కొస చిట్లి, ఆవగింజంత రక్తం వచ్చిందని. ఇంకోసారి పిల్ల ఎప్పటికన్నా రెండు గంటలు ఎక్కువ నిద్రపోయిందని. ఆ రోజు ఆసుపత్రి గుమ్మం దాటుతూనే బుజ్జిది కళ్ళు తెరిచి, కాపలా మనిషిని చూసి బోసినవ్వు నవ్వింది. తల్లి పరువు ఆ నవ్వుతో పోయింది.

ఏడోసారి వెళ్ళింది ఒక మధ్యాహ్నం. పొద్దుట్నుంచీ పిల్లకి ముక్కు కారుతోంది. భోజనాల వేళకి ఒళ్ళు కాలింది. ధర్మామీటరు నూట రెండు చూపించింది. మొగుడికి ఫోను చేసి లాభం లేదు. అతను క్రేన్ నడుపుతాడు. ఎక్కేటప్పుడు ఫోను కింద పెట్టె‌లో పెట్టి తాళం వేయాలి, దిగేదాకా లోకంతో సంబంధం ఉండదు.

"జలుబే! నీ మొగుడికి చిన్నప్పుడు నెలకోసారి చేసేది. చూడు ఎట్లా దున్నపోతులా ఎదిగాడో" అంది అత్తగారు. అంటూనే చెప్పులేసుకుంది.

"మీరెందుకత్తయ్యా ఎండలో?"

"నువ్వొక్కదానివే పోతే ఆ గోడలు కూడా నిన్ను చూసి నవ్వుతాయి. పక్కన నేనుంటే కాస్త నోరు మూసుకుంటాయి. పద."

ఎమర్జెన్సీ హాలులో ముందు ఒక గాజు కిటికీ ఉంటుంది. గాజుకి మొహమంత గుండ్రటి చిల్లు. దాని వెనక పెద్ద సిస్టరు కూర్చుంటుంది. వచ్చిన మనిషిని మూడు ప్రశ్నలడిగి, మణికట్టుకి ఒక పట్టీ చుడుతుంది. ప్రాణం మీదికొస్తే ఎర్రది, ఆగలేకపోతే పసుపు, ఆగగలిగితే ఆకుపచ్చ. ఎర్రపట్టీ ఉంటే లోపలి తలుపు వెంటనే తెరుచుకుంటుంది. ఆకుపచ్చ పట్టీ ఉంటే ఇనపకుర్చీ మీద కూర్చోవాలి, ఎంతసేపో ఎవరూ చెప్పలేరు.

పెద్ద సిస్టరు కళ్ళజోడు పైనుంచి చూసి, "వచ్చావా తల్లీ? ఈ నెల ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నాను. నీకోసం ఒక హాజరు పుస్తకం పెడదామా?" అంది.

కిటికీ దగ్గర నిలబడ్డవాళ్ళు కిసుక్కున నవ్వారు. బెంగమ్మకి చెవులు వేడెక్కాయి.

"జ్వరమండీ. నూట రెండు. ముక్కు కారుతోంది."

"పాలు తాగుతోందా?"

"సగం సగం. పొద్దున్న పది నిమిషాలు, ఇందాక నాలుగే నిమిషాలు."

"ఎగశ్వాస ఉందా?"

"లేదండీ. నలభై రెండు లెక్కపెట్టాను."

"నాకంటే బాగా లెక్కపెడతావే!" అని సిస్టరు బుజ్జిదాని లేత మణికట్టుకి ఆకుపచ్చ పట్టీ చుట్టి, జ్వరం మందు రెండు చుక్కలు నోట్లో వేసి, "కూర్చో. పిలుస్తారు" అంది.

ఆకుపచ్చ వాళ్ళ కుర్చీలు అయిదు వరసలున్నాయి. బొటనవేలికి ముల్లు గుచ్చుకున్న ఒక వడ్రంగి, నిన్న మింగిన చేపముల్లు ఇంకా గొంతులోనే ఉందని పట్టుబట్టిన ఒక పంతులమ్మ, చెవిలో దూది ఇరుక్కున్న ముసలాయన, ఇలా నిండిపోయి ఉన్నాయి. బెంగమ్మ పక్క కుర్చీలో ఉంగరం వేలికి ఇరుక్కున్న ఒకాయన కూర్చున్నాడు. వేలు వంకాయలా ఉబ్బింది గానీ నోరు మాత్రం చురుగ్గానే ఉంది.

"మొదటిసారా అమ్మా?"

"ఏడోసారి" అంది అత్తగారు, ఈమె నోరు తెరిచే లోపే.

"అయితే సీనియరువే! నేను ఇది పదకొండోసారి. ఎన్నిసార్లొచ్చినా నీకు ఈ సంగతి తెలియలేదా?" అని ఆయన గొంతు తగ్గించాడు. "కిటికీ దగ్గర ఉన్నదున్నట్టు చెప్పకూడదు. పెద్దాళ్ళయితే గుండెలో పట్టేసిందనాలి. పసిపిల్లలయితే మూర్ఛ వచ్చిందనాలి. అంతే. ఆ ఒక్క మాటకి ఎర్రపట్టీ పడుతుంది."

"మరి నువ్వెందుకనలేదయ్యా?" అంది అత్తగారు.

"వేలు వాస్తే గుండెనొప్పి అంటే నమ్మరు కదండీ" అని ఆయన నిట్టూర్చాడు.

అత్తగారు పకపకా నవ్వింది. బెంగమ్మ నవ్వలేదు. ఆమె కళ్ళు కూతురి పొట్ట మీదే ఉన్నాయి. పొట్ట లేస్తోంది, పడుతోంది.

గంట గడిచింది. గంటన్నర అయింది. ఎర్రపట్టీలు లోపలికి పోతున్నాయి, పసుపు పట్టీలు పోతున్నాయి, ఆకుపచ్చవి ఉన్నచోటనే ఉన్నాయి. బుజ్జిది ఒళ్ళో నిద్రపోయింది. నిద్ర మంచిదే. కానీ తల్లి పిలిచినా కదల్లేదు. బుగ్గ మీద తట్టింది. కనురెప్ప సగం ఎత్తి మళ్ళీ వాల్చేసింది. చెంపలు కందగడ్డల్లా ఉన్నాయి, అరికాళ్ళు మాత్రం చల్లగా తగిలాయి.

బెంగమ్మకి తమ్ముడు గుర్తొచ్చాడు.

ఆమె ఏడో తరగతిలో ఉండగా ఇంట్లో తమ్ముడు పుట్టాడు. తల్లి పనికి పోవాలి. అందుకని బడి మాన్పించి తమ్ముణ్ణి ఆమె చంకకి ఎక్కించారు. వాడికి పది నెలలప్పుడు ఇలాగే ముక్కు కారింది. ఏం లేదన్నారు పెద్దవాళ్ళు. మర్నాడు మధ్యాహ్నం వాడు ఆమె ఒళ్ళోనే నిద్రపోయాడు. ఎండ గుమ్మంలోంచి గోడెక్కేదాకా ఊపుతూనే కూర్చుంది. అది నిద్ర కాదని, పనినుంచి వచ్చిన తల్లి చూసి అరిస్తే గానీ ఆ పన్నెండేళ్ళ పిల్లకి తెలియలేదు. ఆ తర్వాత బడికి వెళ్ళమన్నారు. వెళ్ళలేదు. ఇప్పటికీ పసిపిల్లలు ఎవరి ఒళ్ళో నిద్రపోతున్నా ఆమె చూపు ముందు పొట్ట మీదికే పోతుంది. ఈ సంగతి మొగుడితో చెప్పలేదు, అత్తగారితో అసలే చెప్పలేదు.

చటుక్కున లేచి కిటికీ దగ్గరికి నడిచింది. అత్తగారు "ఎక్కడికే?" అంటూ వెనకాలే వచ్చింది.

"సిస్టరుగారూ, పిల్లకి... పిల్లకి మూర్ఛ వచ్చింది."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే అనుమానం కలిగింది. పెద్ద సిస్టరు కలం కింద పెట్టింది.

"ఎప్పుడు?"

"ఇప్పుడే. కుర్చీలో."

సిస్టరు పిల్లనొకసారి, తల్లినొకసారి చూసింది. "నిజంగా వచ్చిందా? లేకపోతే కూర్చోలేక అంటున్నావా? నీ సంగతి నాకు తెలుసమ్మాయ్. గోటి గాయానికి కుట్లు వేయమన్నదానివి నువ్వు."

వెనక మళ్ళీ ఎవరో నవ్వారు. బెంగమ్మ తల వంచుకుంది. ఇక అయిపోయింది, వెళ్ళి కూర్చుందామనే అనుకుంది కూడా. అంతలో పక్కనుంచి అత్తగారు ముందుకొచ్చి గాజు చిల్లులో మొహం పెట్టింది. ఇంట్లో కోడల్ని ఎన్నైనా అంటుంది. బయటివాళ్ళు అంటే మాత్రం ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"ఏమమ్మా, నవ్వులాటగా ఉందా? నేను చూశాను. ఈ రెండు కళ్ళతో చూశాను. కాళ్ళూ చేతులూ కొట్టుకుని, కళ్ళు తేలేసింది పిల్ల. ముసలిదాన్ని, అబద్ధమాడాల్సిన ఖర్మ నాకేమిటి?"

బెంగమ్మ అత్తగారి వైపు తెల్లబోయి చూసింది. ఆవిడ చూపు కలపలేదు.

పెద్ద సిస్టరు పిల్ల చెయ్యి తన వైపు లాక్కుంది. ఆకుపచ్చ పట్టీని కత్తెరతో కత్తిరించి ఎర్రపట్టీ చుట్టింది. బల్ల కింద మీట నొక్కింది. లోపలెక్కడో గంట మోగింది. తలుపు రెక్కలు బార్లా తెరుచుకున్నాయి.

ఆ తర్వాత ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. ఒక నర్సు పిల్లని చేతుల్లోంచి లాక్కున్నట్టే తీసుకుంది. ఒకరు బట్టలు విప్పారు, ఒకరు ఛాతీకి తీగలు అంటించారు, ఇంకొకరు చేతికి సూది గుచ్చి రక్తం తీశారు. బుజ్జిది లేచి గుక్కపెట్టింది. ఆ ఏడుపు గట్టిగా, కోపంగా, నిండుగా ఉంది. ఆ ఏడుపు విని బెంగమ్మకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంత గట్టిగా ఏడ్చే పిల్లకి ఏమవుతుంది? చాలు, ఇక చూసి మందు రాసిచ్చి పంపేస్తారు అనుకుంది.

కుర్ర డాక్టరొకాయన వచ్చాడు. కళ్ళ కింద నల్లటి వలయాలు, చొక్కా జేబుకి సిరా మరక.

"ఏడాదిలోపు పిల్ల. జ్వరం, దాంతోపాటు మూర్ఛ. మెదడు జ్వరం కాదని తేల్చుకోవాలి. వెన్నులోంచి నీరు తీసి పరీక్షకి పంపుతాం" అన్నాడు, చేతులు కడుక్కుంటూ.

"వెన్నులోంచా?"

"నడుం దగ్గర సూది గుచ్చుతాం. పిల్ల కదలకుండా ఇద్దరు పట్టుకుంటారు. మీరు బయట ఉండండి."

నర్సు ఒక పళ్ళెం తెచ్చి పెట్టి, మీద కప్పిన గుడ్డ తీసింది. బెంగమ్మ ఆ సూదిని చూసింది. కాజాలు కుట్టే చేతికి సూదులు కొత్త కాదు. సన్నవి, లావువి, వంకరవి, అన్నీ తెలుసు. అయినా అంత పొడుగు సూది ఆమె ఎన్నడూ చూడలేదు. పళ్ళెం పక్కనే బుజ్జిదాని వీపు కనిపించింది. వెన్నుపూసలు ముత్యాల్లా, ఒక్కొక్కటీ లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉన్నాయి.

 తాను తీసిన గోతిలో తాను పడితే ఫరవాలేదు, పిల్లని పడేసింది.

"డాక్టరుగారూ, ఆగండి. మూర్ఛ రాలేదండీ."

"ఏమిటీ?"

"రాలేదు. నేను అబద్ధం చెప్పాను. త్వరగా చూస్తారని చెప్పాను."

డాక్టరు చేతికి తొడుగు వేసుకుంటూనే జాలిగా నవ్వాడు. "అమ్మా, సూది చూడగానే ప్రతి తల్లీ ఇదే మాటంటుంది. నిన్న ఒకావిడ జ్వరమే లేదంది. నూట నాలుగుంది."

"దేవుడి సాక్షిగా రాలేదండీ!"

"మీ అత్తగారు చూశారని రాసి ఉందిక్కడ. కళ్ళు తేలేసిందని, కాళ్ళూ చేతులూ కొట్టుకుందని."

బెంగమ్మ వెనక్కి తిరిగింది. అత్తగారు గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. కిటికీ దగ్గర అంతెత్తున లేచిన మనిషి ఇప్పుడు సగమైపోయింది.

"అత్తయ్యా, చెప్పండి!"

"నేను... నేనూ చూడలేదు బాబూ. మా కోడలిపిల్లని చూసి నలుగురిలో నవ్వుతుంటే ఊరుకోలేక అన్నాను."

"ఇందాక రెండు కళ్ళతో చూశానన్నారట?"

"ఆ రెండు కళ్ళకీ శుక్లాలున్నాయి బాబూ" అంది ఆవిడ ఏడుపు గొంతుతో.

నర్సు పెదవి కొరుక్కుంది. డాక్టరు నవ్వలేదు. తొడుగు విప్పి పళ్ళెంలో పడేశాడు. "ఇద్దరూ కలిసి మాట మారుస్తున్నారు. దీన్ని నేనొక్కణ్ణీ తేల్చలేను. పెద్ద డాక్టరమ్మని పిలవండి" అన్నాడు.

పెద్ద డాక్టరమ్మ వచ్చేసరికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ బెంగమ్మ మంచం ఊచ పట్టుకుని నిలబడింది. నిజం చెబితే నమ్మరు. నమ్మితే తరిమేస్తారు. తరిమేశాక పిల్లకి నిజంగా ఏమైనా అయితే ఏ మొహం పెట్టుకుని మళ్ళీ ఈ గుమ్మం ఎక్కాలి? అత్తగారు ఆమె వెనకాల గోడకి ఆనుకుని, వినీవినపడకుండా తనని తాను తిట్టుకుంటోంది.

డాక్టరమ్మ నెరిసిన జుట్టు మనిషి. తొందర లేదు. కుర్చీ లాక్కుని పిల్ల పక్కన కూర్చుంది. మాడు మీద వేళ్ళతో తడిమింది, మెడ మెల్లగా వంచి చూసింది, చెవుల్లోకి లైటు వేసింది, తన మెడలోని గొట్టం బుజ్జిదానికిచ్చింది. బుజ్జిది వెక్కుతూనే దాన్ని లాగి నోట్లో పెట్టుకుంది.

"చూడమ్మాయ్. పిల్లని చూస్తే నాకు సూది అక్కర్లేదనిపిస్తోంది. కానీ మూర్ఛ వచ్చి ఉంటే అక్కరుంది. ఈ వయసులో మెదడు జ్వరం మొదట్లో పైకి కనపడకపోవచ్చు. అప్పుడు పరీక్ష మానేస్తే పిల్ల మనకి దక్కదు. అంటే ఇప్పుడు నా చేతుల్లో ఏం లేదు. నీ మాట మీదే ఉంది. మూర్ఛ వచ్చిందా, రాలేదా? సూదిని మర్చిపో. పిల్లని తలుచుకుని చెప్పు."

గదిలో తీగల పెట్టె కిచకిచమంటోంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇన్నాళ్ళూ ఆమె ఈ ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది మందు కోసం కాదు. ఎవరో ఒకరు, చదువుకున్నవాళ్ళు, తెల్లకోటు వేసుకున్నవాళ్ళు, 'నీ పిల్లకి ఏం కాదు' అంటారని. ఆ మాట పట్టుకుని ఇంటికి పోయి రెండు రోజులు నిద్రపోయేది. ఇప్పుడు తెల్లకోటు మనిషే తనని అడుగుతోంది. తమ్ముడి మీద ఎవరో పెద్దవాళ్ళు తేలిగ్గా అనేసిన మాటని ఇవాళ తన బిడ్డ మీద తాను అనాలి. అది తప్పయితే?

కుర్చీలో కూర్చున్న ఆ గంటన్నర గుర్తు చేసుకుంది. ఒక్క నిమిషమైనా కళ్ళు తిప్పిందా? తిప్పలేదు. ఉంగరమాయన మాట్లాడుతున్నప్పుడు కూడా తిప్పలేదు.

"రాలేదండీ" అంది.  మళ్ళీ అంది. "మూర్ఛ రాలేదు. జ్వరం నూట రెండు వచ్చింది. ముక్కు కారింది. కుడి ముక్కు ఎక్కువ. పాలు రెండుసార్లు తాగింది, పది నిమిషాలు, నాలుగు నిమిషాలు. పొద్దుట్నుంచి మూడుసార్లు తడిపింది. మందేశాక గంటకి నిద్రపోయింది. పిలిస్తే ఒక కన్ను తెరిచి మూసింది. చెయ్యి కొట్టుకోలేదు. కాలు కొట్టుకోలేదు. నేను చూస్తూనే ఉన్నాను."

డాక్టరమ్మ బుజ్జిదాని చేతిలోంచి గొట్టం మెల్లగా తీసుకుంది. "మూర్ఛ వచ్చిన పిల్ల తల్లిని అడిగితే గాలి దుమారంలా చెబుతుంది. ఎంతసేపో తెలియదంటుంది, ఏ చెయ్యో తెలియదంటుంది. నువ్వు ముక్కు కూడా కుడో ఎడమో చెబుతున్నావు" అని కుర్ర డాక్టరు వైపు తిరిగింది. "సూది వద్దు. నాలుగు గంటలు మన కళ్ళముందు ఉంచుదాం. ఈలోగా ఏ కొంచెం తేడా వచ్చినా పరీక్ష చేద్దాం. అమ్మాయ్, మూర్ఛ అని రాసిన కేసుని నోటిమాటతో కొట్టేయకూడదు. నీ చేత్తో రాసివ్వాలి. రాయగలవా?"

"ఏడో తరగతి వరకూ చదివానండీ."

"చాలు."

కాగితం మంచం మీద పెట్టి, పళ్ళ బిగువున రాసింది. వత్తులు పక్కకి జారాయి, ఒక అక్షరం మీద ఇంకోటి ఎక్కింది. 'నా పాపకు మూర్చ రాలేదు. త్వరగా చూస్తారని నేను అబద్దం చెప్పాను. ఏం జరిగినా నాదే బాద్యత.' ఆ చివరి మాట రాసేటప్పుడు కలం ఆగిపోయింది. నాదే. అక్కడ వేళ్ళు చెమటకి జారితే బట్టకి తుడుచుకుని మళ్ళీ పట్టుకుంది.

అత్తగారు భుజం మీంచి తొంగిచూసింది. "నా పేరు కూడా రాయవే. అబద్ధంలో సగం నాది."

"మీకెందుకత్తయ్యా?"

"ఎందుకేమిటి? కళ్ళు తేలేయించింది నేను. నువ్వు ఉత్త మూర్ఛ దగ్గరే ఆగావు."

ఇద్దరి సంతకాలూ ఒకదాని కింద ఒకటి పడ్డాయి. కోడలి సంతకం కన్నా అత్తగారిదే గుండ్రంగా ఉంది.

వాళ్ళని ఒక మూల మంచం దగ్గర కూర్చోబెట్టారు. నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల్లోనూ బెంగమ్మ మంచినీళ్ళకి కూడా లేవలేదు. అత్తగారు రెండుసార్లు కునుకు తీసి, రెండుసార్లూ ఉలిక్కిపడి లేచి "ఉందా? ఉంది కదా?" అని అడిగింది. గోడ గడియారం ముల్లు కోడలికి కదిలినట్టే అనిపించలేదు.

మూడో గంటలో బుజ్జిది నిద్రపోతూ ఒక్కసారిగా రెండు చేతులూ పైకి విసిరింది.

బెంగమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. అదేనా? ఇందాక అబద్ధంగా అన్నది ఇప్పుడు నిజమై వచ్చిందా? నోరు తెరిచింది.  పిలిస్తే ఏమంటారు? రాయించుకున్న కాగితం చూపించి నవ్వుతారు. సిరా ఆరకముందే మళ్ళీ మొదలెట్టిందంటారు. పిలవకపోతే? ఒళ్ళో చల్లబడిన తమ్ముడి బరువు ఆమె తొడల మీద మళ్ళీ తెలిసింది. మంచం పక్కనున్న మీట మీద వేలు పెట్టింది.  నొక్కింది.

పరిగెత్తుకొచ్చింది పెద్ద సిస్టరు. కిటికీ దగ్గర డ్యూటీ దిగి లోపలి వార్డుకి వచ్చినట్టుంది.

"ఏమైంది?"

"రెండు చేతులూ పైకి లేచాయండీ. రెండూ ఒకేసారి. ఒక్కసారే. కళ్ళు మూసే ఉన్నాయి. ఇప్పుడు కదలడంలేదు. మూర్ఛో కాదో నాకు తెలియదు" అంది ఒక్క గుక్కలో.

సిస్టరు నవ్వలేదు. హాజరు పుస్తకం మాటెత్తలేదు. వంగి పిల్ల కళ్ళు తెరిచి చూసింది, చేతులు ఆడించి చూసింది, అరికాలు గీకింది. బుజ్జిది విసుక్కుని కాలు వెనక్కి లాక్కుంది. కుర్ర డాక్టరు కూడా వచ్చి చూసి తల ఊపాడు.

"నిద్రలో ఉలికిపాటమ్మా. నీ మొగుడు కూడా చేస్తుంటాడు, చూడు కావాలంటే" అంది సిస్టరు. తర్వాత జ్వరం చూసింది. వంద. "ఒళ్ళు చల్లబడుతోంది. నుదుట చెమట చూడు."

"మిమ్మల్ని ఊరికే పిలిచానా అండీ?"

సిస్టరు మంచం అంచున కూర్చుంది. పొద్దుట్నుంచీ నిలబడ్డ కాళ్ళు కాబోలు, మడమలు నొక్కుకుంది. "పిలవడం తప్పు కాదమ్మాయ్. నువ్వు ఎర్రపట్టీ కట్టించుకున్నాక ఏమైందో తెలుసా? లోపల ఉన్న ఒక్క డాక్టరూ నీ దగ్గరికొచ్చాడు. ఆస్తమా పిల్లాడొకడు పసుపు పట్టీతో పావుగంట ఆగాడు. వాడి తల్లి కిటికీ గాజు మీద చేతులతో బాదింది."

బెంగమ్మ సిస్టరు చెయ్యి పట్టుకుంది. "వాడికి...?"

"బతికాడు. మందు పట్టించాం. బతక్కపోయుంటే నేను నీకు చెప్పేదాన్ని కాదు, నువ్వు అన్నం తినలేవు." పిల్ల మీద దుప్పటి సర్ది, "నేను కూడా నలుగురిలో నిన్ను చూసి నవ్వకుండా ఉండాల్సింది" అని లేచిపోయింది.

ఆ పావుగంట బెంగమ్మ మనసులోంచి పోలేదు. ఎవరి పిల్లాడో తెలియదు. ఎర్రచొక్కా వేసుకున్నాడో, నీలిచొక్కానో తెలియదు. ఎగబీల్చే ఊపిర్లు మాత్రం ఆమెకి వినిపిస్తూనే ఉన్నాయి. నిమిషానికి ఎన్నో లెక్క కుదరలేదు.

పొద్దువాలే వేళకి పెద్ద డాక్టరమ్మ మళ్ళీ వచ్చి పిల్లని చూసి, జ్వరం మందు రాసిచ్చి, ఏమేం కనపడితే వెనక్కి తీసుకురావాలో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. పాలు పూర్తిగా మానేస్తే. ఊపిరికి పక్కటెముకలు లోపలికి పోతే. ఎంత లేపినా లేవకపోతే. నిజంగా మూర్ఛ వస్తే.

"వస్తే నమ్ముతారా అండీ?" అంది బెంగమ్మ.

"ఇందాక మీట నొక్కితే ఎవరూ రాలేదా?" అంది డాక్టరమ్మ.

"ఇప్పుడు ఏం కాదు కదండీ పాపకి?"

డాక్టరమ్మ కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టింది. "ఈపూటకి బాగుంది. రేపటి సంగతి రేపు నువ్వు చూస్తావుగా. నాకన్నా నువ్వే బాగా చూస్తావు."

హాల్లోంచి బయటికొస్తుంటే ఉంగరమాయన ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు. "పనిచేసిందా?" అని కళ్ళెగరేశాడు. అత్తగారు ఆయన్ని కిందినుంచి పైదాకా చూసి, "నీ వేలు కోసేస్తారటయ్యా, లోపల కత్తులు నూరుతున్నారు" అని చెప్పి ముందుకి నడిచింది. ఆయన మొహం పాలిపోయింది.

గేటు దాటారు. వీధి దీపాలు వెలిగాయి. ఆఫీసులు వదిలిన జనం బస్సుల కోసం తోసుకుంటున్నారు. గాలి కాస్త చల్లబడింది. బెంగమ్మ తువ్వాలు పిల్ల తల మీదికి లాగింది. ఆసుపత్రి గోడ ఇంకా పక్కనే ఉంది. నాలుగడుగులు వేస్తే మళ్ళీ గుమ్మం.

బుజ్జిది దగ్గింది. చిన్న దగ్గు. వెంటనే ఇంకోటి.

ఇద్దరూ నిలబడిపోయారు.

"అదేమిటే ఆ దగ్గు? ఇందాక లేదే!" అంది అత్తగారు. ఆవిడ చెయ్యి కోడలి మోచేతిని గట్టిగా పట్టుకుంది. "ఒసే, నాకేదోలా ఉంది. వెనక్కి వెళ్దామా?"

బెంగమ్మ కాళ్ళు వాటంతటవే గుమ్మం వైపు తిరిగాయి. ఆపింది. గోడ పక్క అరుగు మీద కూర్చుని పిల్ల చొక్కా గుండీ విప్పింది. దీపం వెలుగులో పక్కటెముకలు చూసింది. లోపలికి పోవడంలేదు. చెవి ఆనించి వింది. గురగుర ముక్కులోదే, ఛాతీలోది కాదనిపించింది. అనిపించింది, అంతే. అది నిజమో కాదో చెప్పేవాళ్ళెవరూ ఆ అరుగు దగ్గర లేరు. వేలు నోటి దగ్గర పెడితే బుజ్జిది చప్పున చప్పరించింది.

గుండీ పెట్టింది. "ఇంటికి పదండి, అత్తయ్యా."

"నాకు భయమేస్తోందే."

"నాకూనూ" అంది బెంగమ్మ. పిల్లని భుజానికెత్తుకుని, అత్తగారి చెయ్యి పట్టుకుని, బస్సులు ఆగిన సందు చూసుకుని రోడ్డు దాటింది.